ఊర్లో తాళం, హాస్టల్లో కాగితం లేదు

సంపాదకుల వారికి,

నమస్కారం. నేను మహబూబ్‌నగర్‌లో బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాను. ఈ సోమవారం మా కాలేజీ క్యాంపస్ అంబాసిడర్ల బృందంలో చేరాను. కంపెనీల పోస్టర్లు అంటించే పని కాదు మాది. ఎన్నికల సంఘం తరఫున కాలేజీల్లో కొత్త ఓటర్ల పేర్లు నమోదు చేయించే పని. చేరిన మొదటి రోజే నా కంటబడిన ఒక సంగతి మనసులోంచి పోవడం లేదు. మీ పత్రికలో కాస్త చోటిస్తే ప్రిన్సిపాళ్లు, వార్డెన్లు, తహసీల్దార్లు చదువుతారని ఆశతో రాస్తున్నాను.

ఈ బృందంలోకి నేనెందుకు వచ్చానో ముందు చెప్పాలి. 2024 మే 13న మా దగ్గర పార్లమెంటు ఎన్నికలు. అమ్మానాయనలు పుణెలో బిల్డింగు పనికి పోయి అప్పటికే ఆరేళ్లు. ఓటు కోసం రాత్రంతా బస్సులో కూర్చుని దామరగిద్ద వైపు ఉన్న మా పల్లెకు తెల్లారేసరికి వచ్చారు. పోలింగ్ మా ప్రాథమిక పాఠశాలలోనే. లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరు కాబట్టి అమ్మ ఫోను, నాయన ఫోను నా చేతిలో పెట్టి వరుసలో నిలబడ్డారు. నేను రోడ్డు అవతల వేపచెట్టు నీడలో నిలబడ్డాను. నాకు పద్దెనిమిది నిండడానికి ఇంకా రెండు నెలలు తక్కువ. అమ్మ బయటికొచ్చి సిరా పూసిన వేలు చూపించి, "వచ్చేసారికి ఫోన్లు పట్టుకునేటందుకు వేరే పోరగాళ్లను చూసుకోవాలె, నువ్వు గూడ మా ఎంబడి లైన్ల ఉంటవ్" అంది. ఆ మాట చెప్పి మళ్లీ ఆ రాత్రే పుణె బస్సెక్కింది.

జులైలో పద్దెనిమిది నిండాయి. వారం తిరక్కముందే ఫారం 6, అంటే కొత్త ఓటు దరఖాస్తు, పెట్టాను. మా ఇంట్లో అవ్వ ఉంటుంది. బీఎల్‌ఓ (బూత్ స్థాయి అధికారి) విచారణకు వచ్చినప్పుడు తలుపు తీసింది, "నా మనుమరాలే, పాలమూర్ల చదువుతున్నది" అని చెప్పింది. మా బీఎల్‌ఓ అంగన్‌వాడీ టీచరే, నా చేత పలక పట్టించిన మనిషే. కొన్నాళ్లకు కార్డు పోస్టులో వచ్చింది. అవ్వ దాన్ని దేవుని పటం వెనక దాచింది. ఇంట్లో తలుపు తీసే మనిషి ఉండడం ఎంత పెద్ద సంగతో సోమవారం దాకా నాకు తెలియదు.

సోమవారం పొద్దున పదిన్నరకు ఎన్‌ఎస్‌ఎస్ మేడం మమ్మల్ని పది మందిని సెమినార్ హాల్లో కూర్చోబెట్టారు. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి అంబాసిడర్లు, మిగతావాళ్లు ఎలక్టోరల్ లిటరసీ క్లబ్ (ఓటు గురించి అవగాహన కల్పించే క్లబ్) సభ్యులు. ఈ క్లబ్బులను దేశమంతా 2018 జనవరి 25న, ఓటర్ల దినోత్సవం నాడు మొదలుపెట్టారట. మాకు చెప్పడానికి తహసీల్ ఆఫీసు నుంచి ఒక డిప్యూటీ తహసీల్దార్ సార్ వచ్చారు. ఆయన మొదటి మాటే ఇది: "మీలో ఏ పార్టీతో సంబంధం ఉన్నా ఇప్పుడే చెప్పండి. ఈ కార్డు మెడలో ఉన్నంతసేపు మీకు పార్టీ లేదు."

రెండో వరుసలోంచి ఒక అబ్బాయి లేచాడు. మూడో సంవత్సరం. ఫారాలు నింపడంలో మా అందరికన్నా చురుకైనవాడని మేడం ముందే చెప్పి ఉన్నారు. "సార్, మా నాయన ఈసారి సర్పంచ్‌కు నిలబడదామనుకుంటున్నడు. నేను ఇందుల ఉంటే బాగుండదు" అన్నాడు. తొందరపడొద్దు, ఆలోచించుకో అన్నారు మేడం. అతను కార్డు తీసి బల్ల మీద పెట్టి, వెళ్లబోతూ మా కోసం ఫారాల కట్టలు విప్పి పేజీలు సరిచూసి ఇచ్చి మరీ వెళ్లాడు. సంపాదకులు గారూ, రాజకీయాల గురించి పెద్దవాళ్లు ఎన్నో చెబుతుంటారు. ఆ అన్న చేసిన పని నా కళ్లారా చూశాను కాబట్టి మీకు రాస్తున్నాను.

ఆ సార్ చెప్పినవాటిలో నాకు బాగా గుర్తున్నది వయసు లెక్క. ఒకప్పుడు ఓటు వయసు 21. రాజ్యాంగానికి 61వ సవరణ చేశాక 1989 నుంచి 18 అయింది. మా తాత 21 నిండాకే మొదటి ఓటు వేశాడని అవ్వ చెప్పేది, ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. ఇంకోటి, ఇంతకుముందు జనవరి 1 నాటికి 18 నిండితేనే ఆ ఏడాది ఓటు. జనవరి 2న పుట్టినవాళ్లు దాదాపు ఏడాది ఆగాల్సిందే. 2022 ఆగస్టు నుంచి ఏడాదికి నాలుగు తేదీలు పెట్టారు: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. 17 నిండినవాళ్లు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు, 18 నిండిన త్రైమాసికంలో దాన్ని పరిశీలిస్తారు.

ఈ మార్పు మా పల్లె పిల్లలకు ఎంత మేలో మధ్యాహ్నం తెలిసింది. క్యాంటీను పక్కన చెట్టు కింద బల్ల వేసుకుని కూర్చున్నాం. నా చేతికొచ్చిన మొదటి 24 ఫారాల్లో 11 మంది పుట్టినరోజు జూన్‌లోనే. మా వైపు చాలామందిని బడిలో వేసేటప్పుడు సారు ఏదో ఒక జూన్ తేదీ రాసేస్తారు, ఆ తేదీయే పదో తరగతి మెమోలోకి, ఆధార్‌లోకి ఎక్కుతుంది. పాత పద్ధతిలో వీళ్లంతా జనవరి దాకా ఆగేవాళ్లు. ఇప్పుడు జులై 1కే అర్హులు. ఆగస్టు వచ్చినా ఒక్కరికీ ఆ సంగతి తెలియదు. "జనవరిల ప్రతిజ్ఞ చేపిస్తరు గదా, అప్పుడు చూద్దామనుకున్నం" అన్నారు.

చెట్టు కింద రెండు గంటలు ఇంటిపేరు దగ్గరే గడిచాయి. ఫారంలో ముందు సొంత పేరు, తరువాతి గడిలో ఇంటిపేరు. మనకు ఇంటిపేరు ముందు రాయడం అలవాటు. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. ఏది రాయాలని ప్రతి ఒక్కరూ అడిగేవారే. ఫోన్లో నింపేవాళ్లది ఇంకో తిప్పలు. పేరు ఇంగ్లిషులో కొడితే తెలుగు దానంతటదే పడుతుంది. ఒక అమ్మాయి వాళ్ల నాయన పేరు ఆశన్న. అక్కడ అశన్న అని పడింది. "మా నాయన పేరు గిట్ల రాస్తే ఊకోడు" అని ఆ పిల్ల దీర్ఘం పెట్టేదాకా ఫోన్ వదల్లేదు. దిద్దే వీలుంది, నెమ్మదిగా చూసి దిద్దుకోవాలి. తొందరలో సమర్పించేసిన వాళ్లు తరువాత తప్పు దిద్దించుకోవడానికి ఫారం 8 పెట్టి తిరగాల్సి వస్తుంది.

ఇవన్నీ ఓపికతో తీరేవి. ఓపికతో తీరనిది సాయంత్రం హాస్టల్లో ఎదురైంది.

ఆడపిల్లల పోస్ట్ మెట్రిక్ హాస్టల్ ఒకదానికి ఆరు గంటలకు వెళ్లాం. పగలు పిల్లలు ఎవరి కాలేజీలకు వాళ్లు పోతారు కాబట్టి సాయంత్రమే దొరుకుతారు. మెస్ హాల్లో అన్నం వడ్డించేలోపు మాకు గంటన్నర టైమిచ్చారు వార్డెన్ మేడం. పద్దెనిమిది నిండినవాళ్లు 38 మంది నా బల్ల దగ్గరికి వచ్చారు. జాబితాలో పేరున్నది 11 మందికి. మిగిలిన 27 మందిని ఒక్కొక్కరినే ఎందుకు పెట్టుకోలేదని అడిగి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. "ఓటు వేసి ఏం లాభం" అన్నవాళ్లు ఇద్దరు. ఈ కాలం పిల్లలకు ఓటంటే పట్టదని టీవీలో చర్చలు పెట్టేవాళ్లకు ఆ పేజీ చూపించాలని ఉంది.

కొందరికి భయం. "హాస్టల్ అడ్రస్ మీద ఓటు పెట్టుకుంటే ఊర్ల రేషన్ కార్డుల పేరు తీసేస్తరట గదా అక్కా" అని ఒకరు, "ఇందిరమ్మ ఇల్లు లిస్టుల మా అమ్మోళ్ల పేరు పోతదట" అని ఇంకొకరు. ఓటర్ల జాబితాకు, రేషన్ కార్డుకు ముడి లేదని పొద్దునే సార్ చెప్పి ఉన్నారు కాబట్టి నేను ధైర్యంగా చెప్పగలిగాను. ఆయన చెప్పకపోతే నాకూ అదే అనుమానం ఉండేది.

ఇక తొమ్మిది మంది సంగతి. వీళ్లు కోస్గి, మద్దూరు, దామరగిద్ద వైపు ఊర్ల పిల్లలు. అమ్మానాన్నలు పుణెలోనో, ముంబైలోనో, హైదరాబాద్‌లోనో పనికి పోయారు. ఊర్లో ఇంటికి తాళం. వీళ్లలో నలుగురు ఇంతకుముందే ఊరి చిరునామాతో ఫారం 6 పెట్టారు. విచారణకు వచ్చిన వాళ్లకు తాళం కనబడింది, ఇక్కడ ఉండటం లేదని రాసుకుపోయారు, దరఖాస్తు పోయింది. ఒక అమ్మాయికి ఇలా రెండుసార్లు జరిగింది. "నేను దసరాకు, సంక్రాంతికి పోతనే ఉన్న గదా అక్కా. మా ఇల్లు ఆడనే ఉన్నది గదా. ఎవరు లేరని ఎట్ల రాస్తరు" అని అడిగింది. మెడలో కార్డు వేసుకుని ఆ పిల్ల ఎదురుగా కూర్చుని, ఏం చెప్పాలో తోచలేదు. మా అవ్వ లేకపోతే నాదీ అదే కథ. మేమిద్దరం ఒకే మండలం వాళ్లం, ఒకే నెలలో పుట్టినవాళ్లం.

విచారణకు వచ్చే బీఎల్‌ఓలను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అంగన్‌వాడీలో పిల్లలను చూసుకుంటూ, గుడ్లు, పాల లెక్కలు రాసుకుంటూ ఈ పని కూడా మోసే మా టీచర్‌ను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. కానీ ఫారం 6లో మొబైల్ నంబరు గడి ఉంది. తాళం కనబడితే ఆ నంబరుకు ఒక్క ఫోన్ చేస్తే చాలు, ఇంటి పిల్ల ఎక్కడుందో తెలిసిపోతుంది. ఆ నలుగురిలో ఒక్కరికీ ఫోన్ రాలేదు.

పోనీ హాస్టల్ చిరునామాతో పెట్టుకోవచ్చు కదా అంటారా? పెట్టుకోవచ్చు. హాస్టల్లో ఉండి చదివేవాళ్లు సొంత ఊర్లో అమ్మానాన్నల దగ్గరైనా, హాస్టల్ చిరునామాతోనైనా, వాళ్లకు ఇష్టమైన చోట నమోదు కావచ్చని ఎన్నికల సంఘమే చెబుతోంది. ఒక్కచోటే ఉండాలి. రెండు చోట్ల ఉంచుకోవడం, తప్పుడు ప్రకటన ఇవ్వడం చట్టం ఒప్పుకోదు, తప్పుడు ప్రకటనకు ఏడాది దాకా జైలు పడవచ్చు. చదివే కోర్సు గుర్తింపు ఉన్నది, కనీసం ఏడాది కాలానిది అయ్యుండాలి. ప్రిన్సిపాల్ సంతకంతో బోనఫైడ్, అంటే ఈ కాలేజీ విద్యార్థే అనే సర్టిఫికెట్, జతచేయాలి. దానికి నమూనా కూడా ఉంది. ఆ 27 మందిలో ఈ సంగతి ఒక్కరికీ తెలియదు. అప్పటికప్పుడు ఆరుగురు "అయితే ఈడనే పెట్టుకుంటం" అన్నారు. రెండుసార్లు పోగొట్టుకున్న అమ్మాయి వాళ్లలో మొదటిది.

మంగళవారం పొద్దున్నే ఆ ఆరుగురిలో ముగ్గురిని వెంటబెట్టుకుని వాళ్ల కాలేజీ ఆఫీసుకు వెళ్లాను. పేరు రాయను, ఎందుకంటే ఇది ఒక్క కాలేజీ సంగతి కాదని పక్క కాలేజీల స్నేహితులను అడిగితే తెలిసింది. "బోనఫైడ్ స్కాలర్‌షిప్‌కు, బస్ పాస్‌కు ఇస్తం. ఓటుకు ఇచ్చే పద్ధతి లేదమ్మా" అన్నారు కౌంటర్‌లో. నమూనా చూపించాను. చదివి, "ప్రిన్సిపాల్ సార్ వచ్చినంక అడగాలె" అన్నారు. మధ్యాహ్నం మళ్లీ వెళితే ఒక అమ్మాయిని పేరు అడిగి, రిజిస్టర్ చూసి, "నీకు ఫీజు బాకీ ఉన్నది, కట్టినంకనే ఏ సర్టిఫికెట్ అయినా" అన్నారు. ఆ ఫీజు ప్రభుత్వం నుంచి రీయింబర్స్‌మెంట్‌గా రావాల్సింది. ఆ పిల్ల చేతిలో ఉన్నది కాదు. ప్రభుత్వం కాలేజీకి బాకీ ఉంటే ఆ పిల్ల ఓటు ఎందుకు ఆగాలి? కౌంటర్ దగ్గర ఇలా గట్టిగా అడగలేకపోయాను. ఇక్కడ అడుగుతున్నాను.

ఇదే మమ్మల్ని తిప్పలు పెడుతున్నది. ఊర్లో తాళం కనబడి ఓటు పోతుంది, హాస్టల్లో కాగితం దొరక్క ఓటు రాదు. నడుమ మా పిల్లలు ఎక్కడా లేనివాళ్లవుతున్నారు. పాలమూరు వలసల గురించి మీ పత్రికే ఎన్నోసార్లు రాసింది. వలస పోయినవాళ్ల పిల్లలు ఇక్కడే ఉండి, ఇక్కడే చదువుకుంటూ, జాబితాలో మాత్రం కనబడకుండా ఉన్నారు.

ఇప్పుడే రాయడానికి ఇంకో కారణం ఉంది. 2024 ఫిబ్రవరి నుంచి ఈ 2025 ఆగస్టు దాకా మా ఊర్లు ప్రత్యేకాధికారుల కిందే నడిచాయి, సర్పంచులు లేరు. 2025 సెప్టెంబరు నెలాఖరులోగా పంచాయతీ ఎన్నికలు జరపాలని హైకోర్టు గడువు పెట్టింది. పంచాయతీ ఓటర్ల జాబితాను అసెంబ్లీ జాబితా ఆధారంగానే తయారుచేస్తారు. అసెంబ్లీ జాబితాలో పేరు లేని పిల్లకు సర్పంచ్ ఓటూ లేదు. హాస్టల్ చిరునామా ఎంచుకున్న పిల్లకు పట్టణంలో ఓటు ఉంటుంది గానీ ఊరి సర్పంచ్‌కు వేయలేదు. ఆ రాత్రి హాస్టల్లో ఈ మాట చెప్పగానే మెస్ హాలంతా కలకలం. "మా ఊర్ల బోరు సంగతి, రోడ్డు సంగతి సర్పంచే గదా చూసేది, నాకు ఊరి ఓటే కావాలె" అని కొందరు. "నేను ఇంక మూడేండ్లు ఈడనే ఉంట, ఈడ నల్లా నీళ్ల గురించి అడగాలన్నా ఓటు ఉండాలె" అని కొందరు. వడ్డించిన అన్నం చల్లారిపోతున్నా వాదించుకుంటూనే ఉన్నారు. పిల్లలు ఇంత మనసు పెట్టి ఆలోచిస్తుంటే ఏది కావాలో వాళ్లే తేల్చుకుంటారు. వాళ్లు ఎంచుకున్న చోట కాగితం ఆగకూడదు, నేను అడిగేది అంతే. ఆడపిల్లలకు ఇప్పుడు ఆర్టీసీ బస్సుల్లో జీరో టికెట్ ఉంది, ఓటు నాడు ఊరికి పోయి రావడానికి చార్జీ బాధ లేదు. అంత దూరం పోయి వేయడానికి సిద్ధంగా ఉన్నవాళ్లకు జాబితాలో పేరు లేకపోవడం నాకు చాలా బాధగా ఉంది.

అందుకని మీ ద్వారా కొన్ని మనవులు. దోస్త్ (డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల పద్ధతి) ద్వారా సీటు వచ్చి చేరిన రోజున మా దగ్గర టీసీ, మెమో, కులం, ఆదాయం సర్టిఫికెట్లు అన్నీ తీసుకుంటారు. హాస్టల్లో ఉండేవాళ్లకు ఆ రోజే హాస్టల్ చిరునామాతో బోనఫైడ్ ఒక ప్రతి ఇచ్చి పంపితే ఏ కౌంటర్ చుట్టూ తిరిగే పనుండదు. ఫీజు బాకీతో దానికి ముడిపెట్టవద్దని కళాశాల విద్యాశాఖ ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు. బీఎల్‌ఓలు హాస్టళ్లకు మూడు నెలలకొకసారి ఆదివారం నాడో, సాయంత్రం ఆరు తరువాతో రావాలి. పగలు పదకొండు గంటలకు వస్తే అక్కడ వంటవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. ఊర్లో తాళం కనబడితే తిరస్కరించే ముందు ఫారంలోని నంబరుకు ఫోన్ చేయమని తహసీల్దార్లు చెప్పాలి.

మీ పత్రికను కూడా ఒకటి అడుగుతాను. మా హాస్టల్లో జిల్లా పేజీ చేతులు మారి మారి చిరిగేదాకా చదువుతారు. ఆ నాలుగు తేదీలకు వారం ముందు జిల్లా పేజీలో చిన్న పెట్టె వేయండి: ఎవరు అర్హులు, ఏ కాగితాలు కావాలి, హాస్టల్ చిరునామాతో కూడా పెట్టుకోవచ్చు, అనుమానం ఉంటే ఓటర్ల హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేయవచ్చు అని. తరువాతి తేదీ అక్టోబరు 1. ఆ పెట్టె కత్తిరించి మెస్ హాలు తలుపు మీద నేనే అంటిస్తాను.

ఈ ఉత్తరం రాస్తుండగా, మంగళవారం నా వెంట వచ్చిన ముగ్గురిలో ఒక అమ్మాయి ఫోన్ చేసింది. ప్రిన్సిపాల్ సార్ శుక్రవారం వస్తారట. శుక్రవారం పదింటికి ఇద్దరం మళ్లీ ఆ కౌంటర్ దగ్గర ఉంటాం.

ఇట్లు,
ఒక క్యాంపస్ అంబాసిడర్,
బీకాం ద్వితీయ సంవత్సరం, మహబూబ్‌నగర్.
(నా వెంట వచ్చిన అమ్మాయిలకు ఇబ్బంది కలగకుండా నా పేరు వేయవద్దని మనవి.)